సలహా చెప్పడానికి ఎన్నికలెందుకు?

అమెరికా విశ్వవిద్యాలయాల స్టాఫ్ కౌన్సిళ్లను మెచ్చుకునేవాళ్లే గాని తప్పుపట్టేవాళ్లు తక్కువ. అధ్యాపకులకు ఫ్యాకల్టీ సెనేట్ ఉంది, విద్యార్థులకు వాళ్ల సంఘం ఉంది. ఫైళ్లు నడిపే గుమస్తాలు, లైబ్రరీ సిబ్బంది, ల్యాబ్ టెక్నీషియన్లు, ఎలక్ట్రీషియన్లు, హాస్టళ్లు శుభ్రం చేసేవాళ్లు, వీళ్లందరి తరఫున మాట్లాడటానికి స్టాఫ్ కౌన్సిల్ ఉందంటారు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి, జెండాలూ ధర్నాలూ లేకుండా పెద్దమనుషుల్లా కూర్చుని మాట్లాడుకునే ఈ పద్ధతి మన యూనివర్సిటీలకూ వస్తే బాగుండునంటారు. ఈ మెప్పులో సగమే నిజం. అక్కడ జరిగే ఎన్నిక నిజమైనదే. దాన్నుంచి పుట్టిందని చెప్పే ప్రాతినిధ్యమే ఉత్తమాట.

ఎన్నిక సంగతే ముందు చూద్దాం. సిబ్బందిని విభాగాలవారీగానో, చేసే పనినిబట్టో నియోజకవర్గాలుగా విడదీస్తారు. గుమస్తాలకు ఇన్ని సీట్లు, సాంకేతిక సిబ్బందికి ఇన్ని, నిర్వహణ పనులవారికి ఇన్ని అని లెక్క ఉంటుంది. ఎవరి నామినేషన్ వాళ్లే వేసుకోవచ్చు. ఓటు ఆన్‌లైన్లో. పదవీకాలం సాధారణంగా రెండుమూడేళ్లు, అందరూ ఒకేసారి దిగిపోకుండా ఏటా కొన్ని సీట్లే ఖాళీ అవుతాయి. వేలెత్తి చూపడానికి ఏమీ లేని ఏర్పాటు.

గెలిచాక ఏం చేయవచ్చన్న దగ్గరే అసలు రంగు బయటపడుతుంది. ఈ కౌన్సిళ్ల నియమావళిలో తరచు కనిపించే మాట ఒకటే: ఇది సలహా సంఘం. ఆ నియమావళిని ఆమోదించేది యూనివర్సిటీ అధ్యక్షుడు, నిధులు వచ్చేది ఆయన ఆఫీసు నుంచి. మానవ వనరుల విభాగం అధికారి చాలాచోట్ల సమావేశంలోనే కూర్చుంటాడు. జీతాల బేరం కౌన్సిల్ పని కాదు. ఫలానా ఉద్యోగికి అన్యాయం జరిగిందంటే అదీ దాని పరిధిలోకి రాదు. ఇచ్చిన సలహాను పక్కన పడేస్తే ఎందుకు పడేశారని నిలదీసే హక్కూ లేదు. ఇక మిగిలేవి ఉత్తమ ఉద్యోగి అవార్డులు, వేసవి పిక్నిక్కు, సిబ్బంది పిల్లలకు స్కాలర్‌షిప్పులు, పార్కింగ్ ఫీజు మీద ఒక వినతిపత్రం. మంచి పనులే, కాదనను. కాని పిక్నిక్కు ఏర్పాట్లకు రహస్య ఓటు ఎందుకు?

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1914 ఏప్రిల్‌లో కొలరాడోలోని లడ్లో దగ్గర, సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల గుడారాల మీద కాల్పులు జరిగాయి, గుడారాలు తగలబడ్డాయి, ఆడవాళ్లూ పసిపిల్లలూ చనిపోయారు. దేశమంతా గగ్గోలెత్తింది. మరుసటి ఏడాది ఆ గనుల్లో ప్రధాన వాటాదారులైన రాక్‌ఫెల్లర్ కుటుంబం ఉద్యోగుల ప్రాతినిధ్య పథకం ఒకటి ప్రవేశపెట్టింది. దాన్ని రాసిచ్చిన మెకంజీ కింగ్ తర్వాతి రోజుల్లో కెనడా ప్రధాని అయ్యాడు. కార్మికులు ప్రతినిధులను ఎన్నుకోవచ్చు, యాజమాన్యంతో కూర్చుని మాట్లాడవచ్చు. యూనియన్‌కు గుర్తింపు మాత్రం లేదు. ఇలాంటి కమిటీలు దేశమంతా వ్యాపించాక, యజమాని తన చెప్పుచేతల్లో ఉండే కార్మిక సంఘాన్ని నడపకూడదని 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం తేల్చేసింది. 1992లో కూడా, ఇండియానాలోని ఎలక్ట్రోమేషన్ అనే కంపెనీ ఉద్యోగులతో వేసిన కమిటీలు ఆ చట్టానికి విరుద్ధమని కార్మిక సంబంధాల బోర్డు తీర్పు చెప్పింది.

మరి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల సంగతి? రాష్ట్ర ప్రభుత్వం యజమాని అయినచోట ఆ కేంద్ర చట్టం వర్తించదు. అక్కడ రాష్ట్రం మాటే చెల్లుతుంది. ప్రభుత్వ సంస్థలు యూనియన్లతో జీతాల ఒప్పందాలు చేసుకోకూడదని టెక్సాస్ 1947లోనే చట్టం చేసింది. అలాంటి ఒప్పందం చేసుకున్నా చెల్లదని నార్త్ కరోలినా 1959లో శాసించింది. ఆ రాష్ట్రాల్లో యూనివర్సిటీ ఉద్యోగికి బేరమాడే హక్కు లేదు, చేతిలో ఉన్న కౌన్సిల్‌కు అధికారం లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

‘ఏమీ లేనిదానికన్నా ఏదో ఒకటి నయం కదా’ అన్నది కౌన్సిల్ అభిమానుల మొదటి వాదన. ఎప్పుడూ నయం కాదు. నిర్ణయం పైనే అయిపోయాక కౌన్సిల్ ముందు ఒక పూట ప్రదర్శించి, ‘సిబ్బందిని సంప్రదించాం’ అని రాసుకునే వీలు పాలకవర్గానికి దొరుకుతుంది. కౌన్సిలే లేకపోతే ఆ ముద్ర ఎక్కడిది? టెనెసీలో 2015 నుంచి గవర్నర్ బిల్ హాస్లమ్ ప్రభుత్వం రాష్ట్ర యూనివర్సిటీల భవన నిర్వహణ పనులను ప్రైవేటు కంపెనీకి అప్పగించాలని చూసింది. దాని మీద రెండేళ్లపాటు ఊరూరా ప్రచారం నడిపింది యునైటెడ్ క్యాంపస్ వర్కర్స్ అనే యూనియన్. దానికి కూడా చట్టప్రకారం బేరమాడే హక్కు లేదు. ఉన్నదల్లా సభ్యులు కట్టే చందా, అధ్యక్షుడి అనుమతితో పనిలేని నోరు. చివరకు 2017 అక్టోబరులో నాక్స్‌విల్ క్యాంపస్ ఆ పథకంలో చేరబోమని ప్రకటించింది. కాగితం మీద హక్కు లేకున్నా, సొంత డబ్బుతో సొంత నిర్ణయంతో నడిచే సంఘానికి ఉండే బలం అది.

రెండో వాదన: ‘అందరూ ఓటేసి ఎన్నుకున్నారు, కాబట్టి అందరి ప్రతినిధి’. ఓటర్ల జాబితా ఒకసారి తిరగేయండి. క్యాంటీన్ నడిపే కాంట్రాక్టు కంపెనీ మనుషులు, ఔట్‌సోర్సింగ్‌లో ఊడ్చేవాళ్లు అందులో ఉండరు, వాళ్ల యజమాని వేరు గనక. తాత్కాలిక ఉద్యోగులకు చాలాచోట్ల చోటుండదు. ఎవరి ఉద్యోగం అందరికన్నా ముందు పోతుందో వాళ్లకే ఓటు లేదు. ఓటున్నవాళ్లలో కూడా పనివేళల్లో సమావేశానికి వెళ్లాలంటే పైఅధికారి ఒప్పుకోవాలి. ఆ అధికారి మీదే ఫిర్యాదు చేయాల్సి వస్తే సభ్యుడికి రక్షణ ఏది?

మూడోది అన్నిటికన్నా బలంగా వినిపించే వాదన: అధికారాలిస్తే చదువులు ఆగిపోతాయని, ప్యూన్లు సిలబస్ తేలుస్తారని. దీనికి జర్మనీ ఎప్పుడో సమాధానం చెప్పింది. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పెర్సొనాల్‌రాట్ అనే సిబ్బంది మండలి ఉంటుంది. 1955లో కేంద్రం చేసిన చట్టం తరహాలో రాష్ట్రాల చట్టాలు దాన్ని నడుపుతాయి. అదీ రహస్య ఓటుతో ఎన్నికయ్యేదే, వర్గాలవారీగా సీట్లు పంచుకునేదే. తేడా అంతా ఆ తర్వాత. నియామకాలు, బదిలీలు, గ్రేడులు, పనివేళల వంటి ఎన్నో విషయాల్లో మండలి ఒప్పుకోకపోతే యాజమాన్యం ఏకపక్షంగా ముందుకెళ్లలేదు. పేచీ వస్తే ఇరుపక్షాల సభ్యులు, తటస్థ అధ్యక్షుడు ఉండే రాజీ బోర్డుకు పోతుంది. మండలి సభ్యుణ్ని ఇష్టమొచ్చినట్టు ఉద్యోగంలోంచి తీసేయడం కుదరదు. ప్రజలకు జవాబు చెప్పాల్సిన ప్రభుత్వ బాధ్యతను ఈ హక్కు మింగేయకూడదని 1995లో రాజ్యాంగ న్యాయస్థానం హద్దు గీసింది. అంతకుముందు 1973లోనే, పరిశోధన బోధన విషయాల్లో నిర్ణాయక స్థానం ప్రొఫెసర్లదేనని అదే కోర్టు చెప్పింది. ఏం బోధించాలన్నది ఒక ప్రశ్న, ఏ షరతుల మీద పనిచేయాలన్నది మరో ప్రశ్న అని తేల్చుకున్నాక భయపడటానికి ఏముంది? జర్మనీలో చదువులేమీ ఆగిపోలేదు.

అమెరికాలోనే చూడాలంటే కాలిఫోర్నియా ఉంది. 1979 నుంచి అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఉద్యోగులకు సామూహిక బేరసారాల హక్కును చట్టం ఇచ్చింది. యూనియన్లు ఉన్నాయి, స్టాఫ్ అసెంబ్లీలూ ఉన్నాయి, ఒకదానివల్ల ఇంకోటి చచ్చిపోలేదు. కౌన్సిల్ ఉంటే యూనియన్ దేనికన్న మాట అక్కడ చెల్లదు.

మన సంగతి చెప్పుకోవాలంటే, 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం తర్వాత తెలుగు నేల మీది రాష్ట్ర యూనివర్సిటీల పాలక మండళ్లు ప్రభుత్వ నామినేషన్లతో నిండుతున్నాయి. నాన్‌టీచింగ్ సంఘాలు ఉన్నాయి, వాటికి ఎన్నికలూ జరుగుతాయి, కాని నిర్ణయం జరిగే గదిలోకి వాటి ఓటు చేరదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల మాట చెప్పనే అక్కర్లేదు. ఈ లోటు తీర్చడానికని ఎవరైనా అమెరికా నమూనా పట్టుకొస్తే సంతోషపడే ముందు మూడు విషయాలు అడగండి. నిర్ణయం తీసుకోకముందే మమ్మల్ని అడగాలని చట్టంలో ఉందా? మా మాట కాదంటే కారణం రాతపూర్వకంగా ఇస్తారా? పేచీ తెగకపోతే తీర్చే మూడో మనిషి ఎవరు? మూడింటికీ సూటిగా జవాబు వస్తే ఓటెయ్యండి. రాకపోతే, ముందు ఆ మూడూ చట్టంలో రాయమని అడగండి. ఎన్నికల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.