బిల్డింగ్‌కు ర్యాంప్ లేకుంటే సర్టిఫికెట్ రాదు.. మరి సర్కారు యాప్‌కు?

సర్టిఫికెట్ కావాలన్నా, పింఛన్ స్టేటస్ చూడాలన్నా ఇప్పుడు ఫోన్ తీయాల్సిందే. మరి చూపు లేనివాళ్ల సంగతేంటి? చట్టం ఉంది, ప్రమాణాలూ ఉన్నాయి. వాటిని పాటించారో లేదో బిల్లు పాసయ్యేలోపే తేల్చాలి.

ఎక్కడ ఆగిపోతున్నారు?

చూపు లేనివారు ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, స్క్రీన్ మీద ఉన్నది వింటూ పని కానిస్తారు. బటన్‌కు కోడ్‌లో పేరు పెట్టకపోతే అది సబ్మిటో, క్యాన్సిలో తెలీదు. క్యాప్చాకు ఆడియో లేకపోతే అక్కడే ఫుల్‌స్టాప్. తెలుగుకు ఇంకో తలనొప్పి కూడా ఉంది. యూనికోడ్ కాని పాత ఫాంట్లలో చేసిన పీడీఎఫ్ కంటికి చక్కటి తెలుగే. స్క్రీన్ రీడర్ చదివితే మాత్రం అంతా గజిబిజి. స్కాన్ చేసిన జీవో అయితే దానికి ఉత్త ఫొటోనే.

చట్టం ఏమంటోంది?

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్ ప్రకారం, సేవలందించే ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలు రూల్స్ వచ్చిన రెండేళ్లలో వాటిని అమలు చేయాలి. రూల్స్ వచ్చింది 2017 జూన్‌లో. అంటే గడువు 2019లోనే ముగిసింది. డిజిటల్ సేవలకు ఐఎస్ 17802 ప్రమాణాన్ని 2023లో చేర్చారు. అయితే 15(1) రూల్ సిఫార్సుల్లాగే ఉంది కాబట్టి చెల్లదని 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు తేల్చేసింది. మూడు నెలల్లో తప్పనిసరి రూల్స్ తేవాలని కేంద్రాన్ని ఆదేశించింది. డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో స్పష్టం చేసింది.

బిల్లు దగ్గరే అసలు పరీక్ష

భవనాలకైతే 44వ సెక్షన్ ఉంది. రూల్స్ పాటించకపోతే ప్లాన్‌కు పర్మిషన్ రాదు, కంప్లీషన్ సర్టిఫికెట్ కూడా రాదు. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి గేటు కాంట్రాక్టులోనే పెట్టుకోవాలి. టెండర్‌లో 'గైడ్‌లైన్స్ పాటించాలి' అని ఒక్క లైన్ రాసి వదిలేస్తే, కంపెనీ టిక్ పెట్టేసి చేతులు దులుపుకుంటుంది. చట్టం ప్రకారం తొలి ఉల్లంఘనకు జరిమానా గరిష్ఠంగా 10 వేల రూపాయలే. కోట్ల కాంట్రాక్టులో అదో లెక్కా?

అందుకే మూడు విషయాలు ముందే రాసుకోవాలి. ఏ ప్రమాణం పాటించాలి, టెస్ట్ ఎవరు చేస్తారు, ఫెయిలైతే ఎంత బిల్లు ఆగుతుంది. టెస్ట్ అంటే టూల్ ఇచ్చే స్కోరు ఒక్కటే చాలదు. ఫొటోకు వివరణ ఉందో లేదో టూల్ చెబుతుంది, ఆ వివరణ సరైనదో కాదో చెప్పలేదు. చూపు లేని యూజర్ ఎవరి సాయం లేకుండా ఫారం నింపి సబ్మిట్ కొట్టగలగాలి. అప్పుడే బిల్లు పాస్ కావాలి. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ ఇదే టెస్ట్.