దుక్కికి రెండు శక్తులు

పాలమూరు సీమలో సేద్యము తొలకరి ననుసరించి నడచును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో పదును దొరికిన కొలది దినములలోనే దుక్కియు, విత్తుటయు ముగియవలయును. పూర్వ మీ పని యెద్దులది, నేడు ట్రాక్టరుది. ఎద్దులను మేపలేక, ట్రాక్టరు కొనలేక యున్న చిన్నరైతు గంట కింతయని కిరాయి కట్టి దున్నించుకొనుచున్నాడు. డీజిలు ధర పెరిగిన మరునాడే యా కిరాయియు పెరుగును. 2015-16 వ్యవసాయ గణనము ప్రకారము తెలంగాణమున సగటు కమతము ఒక హెక్టారు, అనగా రెండున్నర యెకరములు మాత్రమే. ఇంత చిన్న కమతముపై ఇంధనవ్యయ మెంత బరువో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ యింధనము మన నేలది కాదు. దేశమునకు వలయు ముడిచమురులో నూటికి 85 వంతులకు పైగా విదేశములనుండి వచ్చుచున్నది. మఱి యీ మూడు జిల్లాల గడపలోనో, కృష్ణవేణి విద్యుచ్ఛక్తి నిచ్చుచున్నది. జూరాల కేంద్రము శక్తి 234 మెగావాట్లు. దిగువ జూరాల 240. శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రము 900. ఈ వెలుగునకై యీ సీమ చెల్లించిన మూల్యము స్వల్పము కాదు. శ్రీశైల జలాశయమున కొల్లాపురము, అలంపురము ప్రాంతముల గ్రామములు మునిగినవి. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి ఎడమగట్టు కేంద్రమున జరిగిన అగ్నిప్రమాదమున తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. ఆ శక్తి యింటి దీపమునకు వచ్చినది. 2018 జనవరి 1వ తేది నుండి యిరువదినాలుగు గంటలును ఉచిత విద్యుత్తు బోరుబావి మోటారునకు లభించినది. దుక్కికి మాత్రము విద్యుత్తు ఇంకను అందలేదు.

తొలకరినాటికి నదిలో వరద యుండదు గదా, అప్పటి విద్యుత్తు బొగ్గుది గదా యని కొందఱు ఆక్షేపింతురు. నిజమే. కాని యా బొగ్గు సింగరేణిది. ఎండ మన యాకాశముది. వానికై వెచ్చించు ధనము సముద్రములు దాటిపోదు.

అట్లయిన డీజిలును పూర్తిగా మాని, బ్యాటరీతోనే దున్నరాదా? ఆ ప్రయత్నములు జరుగుచునే యున్నవి. 2020 డిసెంబరులో సోనాలికా సంస్థ 5,99,000 రూపాయల ప్రారంభధరతో విద్యుత్ ట్రాక్టరును విడుదల చేసినది. దాని మోటారు 11 కిలోవాట్లది, అనగా సుమారు 15 అశ్వశక్తులది. 2023లో దుర్గాపురములోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయము చిన్నరైతుల నుద్దేశించి ‘ప్రైమా’ అను విద్యుత్ ట్రాక్టరును వెలువరించినది. తోటలలో మందు చల్లుటకును, తేలికైన ట్రాలీ లాగుటకును ఇట్టివి చక్కగ పనికివచ్చును. కాని నడిగడ్డ నల్లరేగడిలో రొటావేటరు వేయుటకు నలువది, ఏబది అశ్వశక్తుల యంత్రము కావలెను. అంతటి పనికి చాలు బ్యాటరీ మిక్కిలి బరువైనది, మిక్కిలి ఖరీదైనది. అది నిండుటకు గంటలు పట్టును. ఊరంతయు ఒక్కసారిగ దున్నవలసిన వారములో పదును అన్ని గంటలు కాచుకొని యుండదు.

కావుననే మేము మధ్యేమార్గమును కోరుచున్నాము. అదియే హైబ్రిడ్ ట్రాక్టరు. హైబ్రిడ్ అను మాట గద్వాల రైతునకు క్రొత్తది కాదు. హైబ్రిడ్ ప్రత్తి విత్తనమును పండించుటలో ఆ సీమ పేరొందినదే. ఇచ్చట జతగూడునవి రెండు శక్తులు: చిన్న డీజిలు ఇంజను, చిన్న బ్యాటరీ. మన డీజిలు రైలింజనులలో ఇంజను చక్రమును నేరుగ త్రిప్పదు. విద్యుత్తును పుట్టించును, ఆ విద్యుత్తు మోటారులను త్రిప్పును. హైబ్రిడ్ ట్రాక్టరులో దీనికి బ్యాటరీయు తోడగును. ఇంజను తనకు అనువైన వేగమున నిలకడగ నడచును. గట్టినేల యడ్డువచ్చి ఎక్కువ బలము కావలసినపుడు బ్యాటరీ చేయూత నిచ్చును. పని తేలికపడినపుడు మరల నిండును. రాత్రి యింటికడ తీగనుండి నింపుకొన్న విద్యుత్తు మరునాడు కొంత డీజిలును తప్పించును.

దీనిని సర్వరోగనివారిణి యని మేము చెప్పుట లేదు. పగలంతయు నిండు బరువుతో దున్నునపుడు ఇంజను ఎట్లును పూర్ణశక్తితో పనిచేయును గనుక ఆదా కొంచెమే. ట్రాలీ లాగుట, అంతరకృషి, మందు చల్లుట మున్నగు ఆగి ఆగి సాగు పనులలోనే లాభ మధికము. ట్రాక్టరు ఏడాదిలో చేయు పనిలో నివియు తక్కువవి కావు.

ఇట్టి యంత్రము మనవారికి సాధ్యము కానిది కాదు. 2019లో జర్మనీ దేశపు హానోవరు ప్రదర్శనలో భారతీయులు తయారుచేసిన ‘హావ్’ అను హైబ్రిడ్ ట్రాక్టరు నిలిచినది. హైదరాబాదున పుట్టిన సెలెస్టియల్ సంస్థ విద్యుత్ ట్రాక్టరును నిర్మింపగా, 2022లో మురుగప్ప సమూహము అందు అధికభాగమును కొనినది. జహీరాబాదులో 2013లో ప్రారంభమైన మహీంద్రా ట్రాక్టరు కర్మాగారము మన రాష్ట్రమునందే కలదు. నేర్పు కలదు, కర్మాగారము కలదు. కొఱవడినది చిన్నరైతుపై దృష్టి.

ప్రభుత్వములు దృష్టి నిలిపిన చోట్లను గమనింపుడు. 2024లో కేంద్రము వారు ప్రకటించిన పీ.ఎం. ఈ-డ్రైవ్ పథకమున ద్విచక్రవాహనములకు, బస్సులకు, లారీలకు సహాయము కలదు, ట్రాక్టరునకు లేదు. తెలంగాణ ప్రభుత్వమువారు మాత్రము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్ వాహనములకు రహదారిపన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీచేయుచు అందు ట్రాక్టరును చేర్చిరి. ఇది మెచ్చదగినది. హైబ్రిడ్ ట్రాక్టరునకును అట్టి రాయితీని స్పష్టముగ ప్రకటింపవలెను.

అయితే రాయితీకి ముందు పరీక్ష కావలెను. నాగర్‌కర్నూలు జిల్లా పాలెములోని వ్యవసాయ పరిశోధనా కేంద్రమున ఎఱ్ఱచెలకలోను, గద్వాల రేగడిలోను ఈ యంత్రములను దున్నించి, ఎకరమునకు ఎంత డీజిలు మిగిలెనో తెలుగున అచ్చువేసి గ్రామగ్రామమున పంచవలెను. అమ్మువాని మాట నమ్మి అప్పుచేయు దుస్థితి రైతునకు రారాదు. వనపర్తి రాజభవనమున నెలకొన్న పాలిటెక్నిక్కులో గ్రామ మెకానిక్కులకు మోటారు, బ్యాటరీల మరమ్మతు నేర్పవలెను. చేనిలో యంత్రము నిలిచిపోయినపుడు హైదరాబాదు మనిషికై ఎదురుచూచు రైతునకు పదును దక్కదు. మొదటి యంత్రములను వ్యక్తులకు గాక సహకార సంఘములకును, మహిళా సమాఖ్యలకును ఇచ్చి కిరాయికి నడిపింపవలెను. క్రొత్త యంత్రము వలని నష్టభయమును రెండెకరముల రైతు నెత్తిన పెట్టుట న్యాయము కాదు.

ట్రాక్టరు చౌకయా, ప్రియమా యనుటకు దుకాణములోని ధర కొలత కాదు. ఎకరము దుక్కికి రైతు చెల్లించు కిరాయియే కొలత. ఆ కిరాయి తగ్గనిచో ఏ యంత్రమైనను మన కక్కఱలేదు. తగ్గునని పరీక్షలో తేలినచో ఒక్క తొలకరి కూడ వృథాపోనీయరాదు. నది కొఱకు ఊళ్ల నర్పించిన సీమకు ఆ నది శక్తి దుక్కిలోను దక్కవలెను. ఈ మూడు జిల్లాల శాసనసభ్యులు, సహకార సంఘముల పెద్దలు ఒక్కమాటపై నిలిచి దీనిని సాధింతురు గాక.