రేపటి గూడుబండి

కారవాను అనగానే తెలుగునాట పాఠకునకు స్ఫురించునది చిత్రీకరణ జరుగుచోట చెట్టునీడను నిలిచియుండు సినిమాతారల బండి. నేను ముచ్చటింపదలచినది అది కాదు. ఇంగ్లండులో సామాన్యగృహస్థుడు తన కారు వెనుక తగిలించుకొని సముద్రతీరమునకో కొండలోయలకో లాగుకొనిపోయి, పడకయు పొయ్యియు స్నానపుగదియు గల ఆ చిన్నగూటిలో వారమో పక్షమో కాపురముండి మరల ఇల్లు చేరుకొను బండిని గూర్చి వ్రాయుచున్నాను. దానికి ఇంజను లేదు. లాగువారు లేనిదే కదలదు. మన పెద్దలు పిల్లాజెల్లాతో, చద్దిమూటలతో తిరునాళ్ళకు బయలుదేరిన గూడుబండికి అది దగ్గరి చుట్టము గనుక, దానిని ఆ పేరుతోనే పిలిచెదను. రాబోవు కాలమున ఈ బండి ఎట్లుండవలెనని యజమానులు కోరుచున్నారో, నిర్మాతలు ఏమి చేసి చూపుచున్నారో పోల్చి చూచినప్పుడు, యజమానుల మాట నిర్మాతలకు సరిగా వినబడుట లేదని నాకు తోచినది.

ఈ వాహనము పుట్టినదే కోరికనుండి. 1885లో విలియం గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు మాజీ వైద్యుడు బ్రిస్టలులోని ఒక బండ్ల కర్మాగారమున తనకై విహారశకటము చేయించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరిడి, రెండు గుఱ్ఱములను పూన్చి, బర్క్‌షైరులోని ట్వైఫర్డునుండి స్కాట్లండునందలి ఇన్వర్నెస్సువరకు ప్రయాణించెను. సరంజామాతో అది సుమారు రెండు టన్నులు తూగెడిది. ఎగువదారులలో ఆ బరువెంతయో గుఱ్ఱముల మూపులకే తెలియవలెను. జర్మనీలో ఇస్నీ పట్టణమున కొరడాలు చేయించి అమ్ము ఆరిస్ట్ డెత్లెఫ్స్ వ్యాపారార్థము ఊరూర తిరుగుచుండగా, అతనికి కాబోవు భార్యయు చిత్రకారిణియునైన ఫ్రీడెల్ ఎడెల్మాన్, తామిరువురును కలిసి పయనించుటకును తాను బొమ్మలు వేసికొనుటకును వీలగు జిప్సీబండివంటిది కావలెనని అడిగెను. 1931లో అతడు కట్టిన బండియే ఆ దేశమున మొదటి గూడుబండి. ఆమె కోరినది తోడు, వెలుతురు, ఒక చిన్న బల్ల, అంతే. నేటి యజమానుల కోరికలను విన్నప్పుడెల్ల నాకామెయే గుర్తుకు వచ్చును.

గుంటూరు ప్రాంతమునుండి పోయి యార్క్‌షైరులో స్థిరపడిన వైద్యమిత్రుడొకరు పదునాలుగేండ్ల క్రిందట ఒక గూడుబండిని కొనిరి. క్రితము వేసవిలో వారితో నాలుగు దినములు అందులో గడపితిని. మొదటినాటి సాయంకాలము చినుకులు పడుచుండగా, ఆయన అర్ధాంగి ముందుకిటికీ క్రింది మూలకు నన్ను పిలిచి, “అన్నయ్యగారూ, ఇక్కడ బొటనవేలు పెట్టి నొక్కండి,” అనెను. నొక్కితిని. పైన పూలకాగితము వలె నిగనిగలాడుచున్న గోడ, లోపల నానిన అటుకులవలె మెత్తగా దిగిపోయెను. ఎన్నడో ఒక అతుకుదగ్గర జిగురు ఎండి బీటవారగా, వాననీటిబొట్టు మరమేకు వెంట లోనికి జారి, కంటికగపడకుండ ఏండ్లతరబడి చట్రపుకొయ్యను తినివేసినది. బండి అమ్మిన దుకాణమువారు ఏటేట తనిఖీ రుసుము పుచ్చుకొనియు దీనిని కనిపెట్టలేదట. కనిపెట్టిన పిదప, గడువు దాటినది గనుక బాధ్యత మాది కాదనిరట. ఆయన ఆ మాట చెప్పునప్పుడు కోపగింపలేదు, కాని చేతిని ఆ గోడమీదనే చాలసేపు ఉంచిరి.

రేపటి గూడుబండి ఎట్లుండవలెనని అడిగినచో ఆ దంపతులు తడుముకొనక ఇచ్చిన జవాబు: చెమ్మ ఊరరాదు. నిర్మాతలకు ఈ సంగతి తెలియకపోలేదు. 2009లో బ్రిస్టలునందలి బెయిలీ సంస్థ గోడపలకలను అల్యూమినియపు అంచుపట్టీల నడుమ బిగించు పద్ధతిని తెచ్చి, బయటినుండి మరమేకులు దిగు రంధ్రములను తగ్గించెను; యార్క్‌షైరులోని స్విఫ్టు సంస్థ చట్రమునుండి కొయ్యనే తొలగించెను. ఇది నిజమైన ప్రగతి, దానిని మనఃపూర్వకముగా మెచ్చవలెను. కాని ప్రకటనలలో పెద్దయక్షరములతో అచ్చగునది ఈ అతుకుల సంగతి కాదు. అరల క్రింద వెలుగు నీలిదీపములు, చేతిఫోనుతో నడపదగు వేడిమియంత్రము, గది నడుమ ద్వీపమువలె అమర్చిన పడక. ఈ పడకను కీళ్ళనొప్పులుగల వృద్ధదంపతులు కోరుట సహజమే, రాత్రి ఒకరు లేచునప్పుడు రెండవవారిని దాటవలసిన పనిలేదు. మిగిలినవానిలో చాలభాగము ఎవరడిగిరని చేర్చిరో నాకు బోధపడదు.

చేర్చిన ప్రతివస్తువును తూగును గదా. బండి ద్వారముదగ్గర ఒక చిన్నరేకుపై గరిష్ఠభారము చెక్కియుండును. ఖాళీబండి బరువును అందులోనుండి తీసివేయగా మిగులునది కుటుంబము తనవెంట మోసికొనిపోదగిన సామాను. అనేక నమూనాలలో అది సుమారు 150 కిలోలు. అందులో బ్యాటరీ పాతిక కిలోలవరకు పోవును. బండిని చోటునకు జరుపుటకై చక్రములకు తగిలించు మోటారు ముప్పది పైచిలుకు. ప్రక్కన కట్టు గుడ్డపందిరి, కుర్చీలు, నీళ్ళ డబ్బాలు పోగా బట్టలకును తిండికిని మిగులునదెంత? ఆ గృహిణి ప్రయాణమునకు ముందునాడు కొక్కెపుత్రాసుతో ఒక్కొక సంచినే ఎత్తి కాగితముపై అంకెలు వేయుట చూచితిని. ఇడ్లీపాత్రను రెండుసార్లు లోపల పెట్టి రెండుసార్లు తీసి, చివరకు ఇంటిలోనే విడిచినది. ఆవకాయ జాడీని మాత్రము వదలలేదు. నీలిదీపములకు, నిగనిగల తలుపులకు వెచ్చించిన కిలోలను ఆ తల్లికి తిరిగి ఇచ్చియుండినచో ఆ సంసారము మరింత సుఖపడియుండెడిది.

ఈ బరువు సమస్య విద్యుత్కారుతో మఱింత జటిలమగుచున్నది. కేవలము పెట్రోలుతోనో డీజిలుతోనో నడచు కొత్తకార్ల అమ్మకమును 2030తో ముగింపవలెనని బ్రిటిషు ప్రభుత్వము నిశ్చయించినది. విద్యుత్కార్లలో కొన్నింటికి బండిని లాగు అనుమతియే లేదు. ఉన్నవాటికి గూడుబండిని తగిలించినచో ఒక ఛార్జింగుపై పోగల దూరము ఇంచుమించు సగమునకు పడిపోవును. అంతకన్న బాధాకరమైనది దారిలోని అగచాటు. మోటారువే ప్రక్కనుండు విరామస్థలములలో ఛార్జింగుగడులు చాలవరకు ఒంటికారు నిలుచునంతటివే. కనుక యాత్రికుడు గూడుబండి లంకెను విప్పి, ఎక్కడనో ఒక మూల దానిని దిగవిడిచి, కారును ఛార్జింగునకు పెట్టి, మరల వచ్చి వెనుకకు నడిపి, లంకె తగిలించి, గొలుసును దీపములను సరిచూచుకొని బయలుదేరవలెను. ఎనుబదేండ్ల వృద్ధుడు వానలో ఈ పని దినమునకు రెండుసార్లు చేయుటను ఊహించుకొనుడు.

2021లో డెత్లెఫ్స్ సంస్థ ఒక ప్రయోగము చేసెను. గూడుబండి ఇరుసుననే రెండు మోటార్లను, 80 కిలోవాట్‌గంటల బ్యాటరీని అమర్చి, విద్యుత్కారు వెనుక తగిలించి, ఇస్నీనుండి ఆల్ప్సు పర్వతములను దాటి ఇటలీలోని గార్డా సరస్సువరకు 386 కిలోమీటర్లు నడుమ ఛార్జింగు లేకయే నడపించెను. ఫ్రీడెల్ కోరికనుండి పుట్టిన సంస్థ తొంబదేండ్లకు బండికి సొంతకాళ్ళు ఇచ్చినదని నేను సంతసించితిని. అయినను అంత బ్యాటరీని మోయు బండి సామాన్యుని వెలకును, సామాన్యుని కారునకును ఎప్పటికి అందునో? నాకు దానికన్న దగ్గరిదారి కనబడుచున్నది: బండిని కురుచగాను తేలికగాను కట్టుట, గాలి జారిపోవునట్లు ముందుభాగమును మలచుట, విరామస్థలములలో ఒకవైపు ప్రవేశించి మరియొకవైపు వెడలిపోదగిన పొడవాటి ఛార్జింగుగడులను నిర్మించుట. చివరిపని నిర్మాతది కాదు, ప్రభుత్వమునది. దారులను నిర్దేశించు ప్రభుత్వమే దారిసౌకర్యమును గూడ చూడవలసియున్నది. పెద్దలారీలకు వందలగజముల స్థలము కేటాయించు విరామస్థలమున గూడుబండికి నాలుగు గడులు దొరకవని నేను నమ్మజాలను.

నా మిత్రుడు ఏటేట ఫిబ్రవరిలో బర్మింగ్‌హాములోని ప్రదర్శనకు పోవుచుందురు. కొత్తబండ్లలో జనము దీపముల క్రింద నిలిచి ఫొటోలు తీసికొనుచుండగా, ఆయన ముందు ద్వారముదగ్గరి రేకు చదువుదురు, పిదప మోకాళ్ళపై కూర్చుండి అర తలుపు తెరచి లోపలిమూలలో చేయి పెట్టి చూతురు. వారి భార్య ఆ అర ఎత్తు జాడీకి చాలునా అని జానతో కొలుచును. ఈ యేడు కూడ ఒక బండియెదుట వారిరువురును చాలసేపు నిలిచి, ధర అడుగకయే, సంచిలోనుండి కాగితమును తీసి దాని అంకెలను తమ అంకెల ప్రక్కన వ్రాసికొనిరి.