రేడియేషన్‌కు లెక్క చెప్పాల్సిందే

రక్తపరీక్ష చేయించుకుంటే చక్కెర ఎంతుంది, కొవ్వు ఎంతుంది, ఎంత ఉండాలి అన్నది అంకెలతో సహా చేతికిస్తారు. సీటీ స్కాన్ తీయించుకుంటే ఫిల్ము ఇస్తారు, రిపోర్టు ఇస్తారు, బిల్లు ఇస్తారు. ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్లిందో చాలాచోట్ల ఒక్క ముక్క రాయరు. ఆ లెక్క తెలియక కాదు. ప్రతి స్కాన్‌కూ ఎంత మోతాదు వాడిందో యంత్రమే లెక్కకట్టి తెరమీద చూపుతుంది. ఆ అంకె టెక్నీషియన్ గది దాటి బయటికి రాదు. రేపు రోగికో, ఆ గదిలో ఏళ్ల తరబడి పనిచేసిన ఉద్యోగికో జబ్బు చేస్తే న్యాయస్థానంలో చూపడానికి అంతకు మించిన ఆధారం ఉండదు. అందుకే మోతాదు రాసివ్వడం తప్పనిసరి చేయాలి. రాసి ఉంచని సంస్థే తన తప్పు లేదని రుజువు చేసుకోవాలి. ఈ రెండూ చట్టంలోకి ఎక్కనంత కాలం రేడియేషన్ భద్రత తలుపుమీది హెచ్చరిక బోర్డుకే పరిమితం.

స్కాన్ అంటేనే భయపడమని ఎవరూ చెప్పరు. తలకు దెబ్బ తగిలినవారికి, పక్షవాతం వచ్చినవారికి వెంటనే తీసే సీటీ ప్రాణం నిలబెడుతుంది. చిక్కంతా అవసరం లేని స్కాన్‌తోనే. రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. ఛాతీ ఎక్స్‌రేలో అందేది 0.1 మిల్లీసీవర్ట్ లోపే. పొట్ట సీటీలో అది 10 మిల్లీసీవర్టుల దాకా ఉంటుంది. నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి, తిండి నుంచి సగటు మనిషికి ఏడాది పొడవునా సహజంగా అందేది 2.4 మిల్లీసీవర్టులు. నాలుగేళ్లలో అందాల్సింది ఆ ఒక్క స్కాన్‌లో నిమిషాల్లో అందుతోందన్నమాట. పిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో దాదాపు 10 లక్షల మంది పిల్లలు, యువత వివరాలతో సాగిన ఎపి-సీటీ అధ్యయనం 2023లో వెలువడింది. ఇప్పటి సాధారణ మోతాదులో స్కాన్ తీసిన ప్రతి 10 వేల మందిలో ఒకరిద్దరికి తర్వాతి పన్నెండేళ్లలో దాని వల్ల రక్త క్యాన్సర్ రావచ్చని అది తేల్చింది. ఒక ఇంటికి ఇది చాలా చిన్న ముప్పు. ఊరూరా స్కాన్లు తీస్తున్న దేశానికి మాత్రం చిన్నది కాదు. కొవిడ్ రెండో ఉద్ధృతిలో కాస్త దగ్గు వచ్చినా జనం సీటీ సెంటర్ల ముందు బారులు తీరారు. 2021 మేలో ఎయిమ్స్ డైరెక్టర్ స్వయంగా వద్దని చెప్పాల్సి వచ్చింది.

రేడియేషన్ చేసే హాని రెండు రకాలు. మొదటిది కళ్లముందే కనిపిస్తుంది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్లుగా మూలపడి ఉన్న గామా సెల్ అనే రేడియోధార్మిక పరికరాన్ని వేలంలో తుక్కు కింద అమ్మేశారు. మాయాపురి పాత ఇనుప సామాను బజారులో దాని సీసం కవచం విప్పితే కోబాల్ట్-60 కడ్డీలు బయటపడ్డాయి. అందులో ఒక ముక్కను పర్సులో పెట్టుకున్నవాడి ఒళ్లు కాలింది. కొందరికి చర్మం నల్లబడింది, జుట్టు రాలింది. ఒకరు ప్రాణాలు కోల్పోయారు. బాధితుల రక్తకణాల్లోని క్రోమోజోములను పరీక్షించి భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) శాస్త్రవేత్తలు ఎవరికి ఎంత మోతాదు తగిలిందో అంచనా కట్టారు. అక్కడ శరీరమే సాక్ష్యం చెప్పింది.

రెండో రకం అలా పట్టుబడదు. తక్కువ మోతాదు తగిలిన రోజున మనిషికి ఏమీ తెలియదు. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో క్యాన్సర్ బయటపడితే అది పొగాకు వల్ల వచ్చిందో, వంశం వల్ల వచ్చిందో, స్కాన్ గదిలో వచ్చిందో ఏ డాక్టరూ చూసి చెప్పలేడు. వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. అయితే వినియోగదారుల కమిషన్ మెట్లెక్కిన రోగి మొదట జవాబు చెప్పాల్సింది ఎంత తగిలింది, ఎప్పుడు తగిలింది అన్న ప్రశ్నలకే. చేతిలో కాగితం లేకపోతే కేసు అక్కడితో సరి.

ఉద్యోగికి చట్టం కాస్త అండగా ఉంది. రేడియేషన్ వల్ల వచ్చే జబ్బులు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. రేడియేషన్ తగిలే పనిలో వరుసగా ఆరు నెలలు ఉన్నవారికి అలాంటి జబ్బు వస్తే పని వల్లే వచ్చిందని చట్టం భావిస్తుంది; కాదని చూపాల్సింది యజమాని. మోతాదుకు హద్దు కూడా ఉంది. ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. దాన్ని కొలిచేది ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జ్. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపాలి. చిన్న సెంటర్లలో ఆ బ్యాడ్జ్ గోడ మేకుకో, టేబుల్ సొరుగులోనో ఉండటం అరుదేమీ కాదు. లెడ్ ఏప్రాన్‌ను మడతపెట్టి కుర్చీమీద పడేస్తారు. మడతల దగ్గర లోపలి పొర పగులుతుంది. ఏడ్చే పిల్లాణ్ని కదలకుండా పట్టుకోమని తల్లిని ఏప్రాన్ లేకుండానే లోపలికి పిలుస్తారు. గర్భవతివా అమ్మా అని అడిగేవారుండరు. సొరుగులోని బ్యాడ్జ్ ఏమీ తగల్లేదనే చూపుతుంది. రేపు కోర్టులో యజమానిని కాపాడేదీ, టెక్నీషియన్‌ను ముంచేదీ ఆ రికార్డే.

రోగికి ఆపాటి హద్దు కూడా లేదు. చికిత్సకు ఎంత అవసరమో ముందే చెప్పలేం గనుక పరిమితి పెట్టలేదు. అవసరమైతేనే తీయాలన్న డాక్టరు విచక్షణే ఏకైక కట్టడి. స్కాన్ రాసినందుకు కమీషన్ ముట్టేచోట ఆ కట్టడి ఏపాటిదో వేరే చెప్పనక్కర్లేదు.

నిబంధనలకు కొదవ లేదు. అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా ఎక్స్‌రే యంత్రం నడపకూడదు. అమలు ఎలా ఉందో కాగ్ 2012లో బయటపెట్టింది. దేశంలోని 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లలో 52,173, అంటే నూటికి 91, నమోదే కాలేదు. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే, పదకొండేళ్ల తర్వాత కేరళ, మిజోరంలలోనే అవి కనిపించాయి. అప్పట్లో నిబంధన మీరితే జరిమానా 500 రూపాయలు! ఆ తర్వాత ఆన్‌లైన్ నమోదు వచ్చి పరిస్థితి కొంత మెరుగైంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన అణుశక్తి రంగపు ‘శాంతి’ చట్టం మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, జరిమానాలు పెంచింది. మంచిదే. కానీ ముంబయిలోని మండలి శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో ఉన్న ఎక్స్‌రే గదిని నిత్యం కనిపెట్టి ఉండలేదు.

దారి మన చట్టాల్లోనే ఉంది. గర్భిణికి తీసే ప్రతి అల్ట్రాసౌండ్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి. అందులో లోపముంటే లింగనిర్ధారణ నిరోధక చట్టాన్ని ఉల్లంఘించినట్లే లెక్క. కాదని స్కాన్ తీసినవారే నిరూపించుకోవాలి. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2019లో సమర్థించింది. ఆడపిల్లల ప్రాణాలు కాపాడటానికి తెచ్చిన ఆ కట్టుదిట్టం సబబే. రేడియేషన్ అసలే లేని అల్ట్రాసౌండ్‌కు ఇంత లెక్క అడుగుతున్నప్పుడు, రేడియేషన్‌తోనే నడిచే సీటీకి అడగకపోవడానికి ఏ సాకూ నిలవదు. కేంద్రం ఈ సూత్రాన్ని రేడియేషన్ నిబంధనల్లో చేర్చాలి.

రాష్ట్రాలు అందాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మోతాదు రాయని సీటీ రిపోర్టుకు ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ బిల్లులు చెల్లించబోమని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఆసుపత్రులు వాటంతటవే దారికొస్తాయి. జిల్లా వైద్యాధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు ముందుగా బ్యాడ్జ్ రికార్డు చూడాలి. ఎన్ని యంత్రాలకు అనుమతి ఉందో, ఎన్నింటిని తనిఖీ చేశారో రెండు తెలుగు రాష్ట్రాలూ జిల్లాలవారీగా ప్రకటించాలి. మూలపడిన రేడియోధార్మిక పరికరాలు ఏ కళాశాలలో, ఏ కర్మాగారంలో ఉన్నా నియంత్రణ మండలికి తెలియకుండా గేటు దాటకూడదు.

పాఠకులూ తమ వంతు చేయాలి. డాక్టరు స్కాన్ రాస్తే ఎందుకో అడగండి. పాత స్కాన్ ఉంటే చూపించండి. మోతాదు అంకె రాయమని నిలదీయండి. అది రాయనన్న సెంటర్ నుంచి వెనుదిరగండి.