గుంటూరుని గుంటగ్రామం అంటే వాన ఆగుతుందా?

2016 ఏప్రిల్ 12న హర్యానా ప్రభుత్వం గుర్‌గావ్‌కి బారసాల చేసింది. ముసలి ఊరికి బారసాల ఏమిటని అడక్కండి, మన దేశంలో దేనికైనా ముహూర్తం దొరుకుతుంది. ఇకనుంచి గురుగ్రామ్ అనాలన్నారు. కౌరవ పాండవులకి విలువిద్య నేర్పినందుకు ద్రోణాచార్యుల వారికి గురుదక్షిణగా వచ్చిన ఊరట ఇది. ఆధారం ఏమిటయ్యా అంటే, అందరూ అంటారు కదా అన్నదే ఆధారం! నేను ముప్పై అయిదేళ్ళు రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరయినవాణ్ణి. వోచరు లేకుండా బూట్ల జత బిల్లు కూడా పాస్ చెయ్యలేదు. ఊరు ఊరంతా దానం పట్టిన ఆసామిని మాత్రం కాగితం అడక్కూడదట, మనోభావాలు దెబ్బతింటాయట.

ఇంతకీ మార్చింది ఏమిటి? హిందీలో గావ్ అన్నా ఊరే, సంస్కృతంలో గ్రామ్ అన్నా ఊరే. గ్రామం అన్న మాటే జనం నోళ్ళలో నలిగి గావ్ అయింది. వెయ్యేళ్ళు జనం నమిలి మెత్తన చేసిన మాటని మళ్ళీ గట్టి చేసి వాళ్ళ నోట్లోనే పెట్టారన్నమాట. మన వైపు ఎవరైనా గుంటూరుని గుంటగ్రామం అనీ, నెల్లూరుని నెల్లుగ్రామం అనీ మారిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. నిజానికి మా రోడ్లు చూస్తే గుంటగ్రామం అన్న పేరు మాకే బాగా నప్పుతుంది.

పోనీ, గురువుగారి పేరే పెట్టుకున్నారు. ఆ గురువుగారి గురించి మహాభారతం దాచకుండా చెప్పిన సంగతి ఒకటుంది కదా? తను పాఠం చెప్పని నిషాద కుర్రాడి దగ్గర కుడిచేతి బొటనవేలు ఫీజుగా వసూలు చేశాడు. చిత్రమేమిటంటే, ఆ వేలు పాతిపెట్టిన చోటు ఇదేనని మా ఊళ్ళోనే ఖాండ్సా అనే పల్లెలో ఏకలవ్యుడికి చిన్న గుడి కూడా ఉంది. దానికీ వోచరు లేదనుకోండి. కానీ కథల్ని బట్టే ఊరికి పేరు పెట్టేటట్టయితే, వేలు తీసుకున్నవాడి పేరు ఎందుకు, ఇచ్చినవాడి పేరు ఎందుకు కాదు? ద్రోణాచార్యుడి పేరు మీద మెట్రో స్టేషన్ ఉంది, ఊరుంది, ఉత్తమ కోచ్‌లకి కేంద్రం ఇచ్చే అవార్డూ ఉంది. వేలు పోయినవాడికి దక్కింది ఖాండ్సాలో ఆ చిన్న గుడి.

ఖాండ్సా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

బారసాల అయిన 107 రోజులకి, అంటే 2016 జూలై 28 సాయంత్రం, వాన పడింది. ఖాండ్సా పక్కనే ఉన్న హీరో హోండా చౌక్‌లో జాతీయ రహదారి చెరువయింది. ఆఫీసులకి వెళ్ళినవాళ్ళు తెల్లారేదాకా కార్లలోనే కూర్చున్నారు. మర్నాడు పోలీసులు నలుగురు గుమిగూడకుండా 144 సెక్షన్ పెట్టారు. నీళ్ళు గుమిగూడకుండా పెట్టే సెక్షన్ పాపం ఏ చట్టంలోనూ లేదు. ఊరి పేరుకి గురుజామ్ అని జనమే చేసిన సవరణ దేశమంతా వినబడింది.

ఇందులో దైవలీల ఏమీ లేదు. తూర్పున ఆరావళి గుట్టలు, పడమర పల్లంలో నజఫ్‌గఢ్ కాలువ. గుట్ట మీద పడ్డ నీరు పల్లానికి పోతుంది, అయిదో తరగతి పాఠం. దారిలో ఘాటా, ఝార్సా లాంటి చోట్ల పాతకాలం కట్టలుండేవి, నీటిని కాస్త నిలబెట్టి భూమిలోకి ఇంకించేవి. వాగుల మీద కాలనీలు లేచాయి, కట్టలు పేరుకి మిగిలాయి. చివరికి భారమంతా బాద్‌షాపూర్ కాలువ మీద పడింది. ఆ కాలువ సరిగ్గా ఎక్కడ ఇరుకైపోయిందో తెలుసా? ఖాండ్సా దగ్గర. ఏకలవ్యుడి శాపం అని రేపు ఎవరో ఒకరు టీవీలో అంటారు, నాకు నమ్మకముంది.

అకౌంట్స్ చదువుకున్నవాళ్ళకి ఒక చిన్న నియమం తెలుసు. ఖాతా పేరు మార్చొచ్చు, అభ్యంతరం లేదు. కానీ పాత ఖాతాలో ఉన్న బాకీ కొత్త ఖాతాలో ఓపెనింగ్ బ్యాలెన్స్‌గా వచ్చి కూర్చుంటుంది. పేరు మార్చాను కనక బాకీ లేదు అనేవాణ్ణి మా భాషలో ఇంకో మాట అంటారు. గుర్‌గావ్ బాకీ గురుగ్రామ్‌కి బదిలీ అయింది, వడ్డీతో సహా. 2024 జూలై 31 రాత్రి వాన నీళ్ళలో కరెంటు తగిలి ఇఫ్కో చౌక్ మెట్రో దగ్గర ముగ్గురు చచ్చిపోయారు. 2025 సెప్టెంబరు 1న మళ్ళీ కిలోమీటర్ల కొద్దీ బళ్ళు ఆగిపోతే, మర్నాడు ఇంటినుంచే పనిచేసుకోమని, పిల్లలకి ఆన్‌లైన్ పాఠాలు చెప్పుకోమని అధికారులు సలహా ఇచ్చారు. కాలువ వెడల్పు చెయ్యలేనప్పుడు జనాన్ని ఇంట్లో కూర్చోబెట్టడం చవక.

చవక అన్నాను కదా, అక్కడే ఉంది కిటుకు. కాలువ తవ్వాలంటే ఎస్టిమేటు కావాలి, భూసేకరణ కావాలి, కోర్టు స్టేలు తియ్యాలి, అయిదేళ్ళు పడుతుంది, అప్పటికి కుర్చీలో ఇంకొకడుంటాడు. పేరు మార్చడానికి ఒక తీర్మానం, ఒక గెజిట్ చాలు. ఖర్చు లేదనుకుంటున్నారా? ఉంది, ప్రభుత్వ పద్దులో కనబడదంతే. బోర్డులు, రబ్బరు స్టాంపులు, లెటర్‌హెడ్లు ఏ పద్దులో వేశారో వెతకండి, చిల్లర ఖర్చుల కింద ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. మిగతాది మన జేబులోంచి. నా పెన్షన్ కాగితాల్లో గుర్‌గావ్, ఆధార్‌లో గురుగ్రామ్. రెండూ ఒకటే ఊరని నోటరీ చేత రాయించుకు రమ్మని ఒక బ్యాంకు గుమాస్తా నన్ను వెనక్కి పంపాడు. ఆయన కూర్చున్న కుర్చీ వెనకాల బోర్డు మీద గుర్‌గావ్ అనే ఉంది! మా ఆవిడయితే, "ద్రోణాచార్యుల వారినే సాక్షి సంతకం పెట్టమనండి" అంది.

ఇదంతా ఉత్తరాది పైత్యం అని మన వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. విజయవాడలో వైద్య విశ్వవిద్యాలయానికి 2022 సెప్టెంబరులో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్ఆర్ పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారగానే మళ్ళీ ఎన్టీఆర్ వచ్చారు. మధ్యలో చదువు ముగించినవాడి సర్టిఫికెట్టు మీద ఏ నాయకుడున్నాడో చూసి పేషెంటు నాడి కొట్టుకుంటుందా? కడప జిల్లా 2010లో వైఎస్ఆర్ జిల్లా అయింది, 2025లో వైఎస్ఆర్ కడప అయింది. తెలంగాణలో 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. బండి అదే, గతుకూ అదే.

పేరు అంటే ఆత్మగౌరవం కాదా అని మిత్రులు నిలదీస్తారు. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు చేర్చబోతే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. నిజమే, అక్కడ రగిలింది పేరు కాదు, కులం. ఆ పేరు పెట్టి తీరాలన్నదే నా మాట కూడా. పేరుకి మనుషుల మీద బలముంది, కాదనను. కానీ నీటి మీద లేదు, కరెంటు తీగ మీద లేదు. పేరు కోసం ఊరు తగలబెట్టేవాళ్ళున్నారు, కాలువ కోసం ఒక్క టైరు కాల్చినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పాలకుడికి ఈ లెక్క బాగా తెలుసు.

అందుకే మంత్రానికి చింతకాయలు రాలతాయని నమ్మేవాణ్ణి వెక్కిరించే చదువుకున్నవాళ్ళు, గెజిట్‌కి రాలతాయంటే మాత్రం చప్పట్లు కొడతారు. ఇక్కడ శీతలా మాత గుడి ఉంది, మన పోలేరమ్మ లాగే మశూచి దేవత. ఆ గుడికి ప్రభుత్వమే చట్టం చేసి బోర్డు పెట్టింది. దేశంలో ఆఖరి మశూచి కేసులు 1975లో వచ్చాయి, టీకా వేసి ఇల్లిల్లూ తిరిగినవాళ్ళ చలవ అది. ఖేర్కీ మాజ్రాలో తలపెట్టిన ప్రభుత్వ వైద్య కళాశాలకి ఆ టీకా వేసినవాళ్ళ పేరు పెట్టారా? శీతలా మాత పేరు పెట్టారు.

హుడా అనే పట్టణాభివృద్ధి సంస్థ పేరు కూడా మార్చారు, పాత ముఖ్యమంత్రి ఇంటిపేరులా వినబడుతోందనో ఏమో. 2023 జూలై 3న హుడా సిటీ సెంటర్ మెట్రో స్టేషన్‌కి గురుగ్రామ్ సిటీ సెంటర్ అని పేరు ప్రకటించి, అదే రోజు మళ్ళీ మార్చి మిలీనియం సిటీ సెంటర్ అన్నారు. స్టేషన్ బయట ఆటోవాళ్ళు మాత్రం "హుడా, హుడా" అని అరుస్తూనే ఉన్నారు. వాన పడిన రోజు రేటు రెట్టింపు.