మద్‌యన్ బావి చెంత దొరికిన ఉపాధి

“మా అబ్బాయి చదువు పూర్తయి రెండేళ్ళయింది. ఇంకా ఉద్యోగం దొరకలేదు. దుఆ చేయండి” అని అడిగే తల్లిదండ్రులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. దుఆ తప్పక చేయవలసినదే. దానితోపాటు ఉపాధిని ఏ విధంగా అన్వేషించాలో కూడా దివ్య ఖుర్ఆన్ ఒక వృత్తాంతం ద్వారా మనకు చూపింది. ‘అల్ ఖసస్’ అధ్యాయంలో 22 నుండి 28 వరకు గల ఆయతులను ఇంటిల్లిపాదీ కూర్చుని ఈ దృష్టితో ఒకసారి చదవండి.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరుకున్నారు. అక్కడ ఆయనకు ఇల్లు లేదు, ఉపాధి లేదు. బావి దగ్గర కాపరులు గుమిగూడి ఉండగా, ఇద్దరు స్త్రీలు తమ మందను ఆపుకుని దూరంగా నిలబడి ఉన్నారు. తమ తండ్రి వృద్ధుడని వారు చెప్పగా విని, ఆయన వారి మందకు నీళ్ళు పెట్టారు. ఆ తర్వాత నీడకు చేరి, ప్రభువు ప్రసాదించే ఏ మేలుకైనా తాను అవసరం గలవాడినని వేడుకున్నారు.

ముందు చేతికందిన పని, పిదప దుఆ. కోరుకున్న ఉద్యోగం వచ్చేదాకా ఇంట్లో కూర్చునే యువకుడు ఈ క్రమాన్ని గమనించాలి. ఈలోగా దుకాణంలో లెక్కలు రాయవచ్చు, పిల్లలకు చదువు చెప్పవచ్చు, కరెంటు పని నేర్చుకోవచ్చు. పనిలో ఉన్నవాని సామర్థ్యం నలుగురి కంటా పడుతుంది.

మూసా (అలైహిస్సలాం) విషయంలోనూ అదే జరిగింది. ఆ స్త్రీలలో ఒకరు, ఈయనను పనిలో పెట్టుకోమని తండ్రికి చెప్పారు. పనికి నియమించుకోదగిన వారిలో ఉత్తముడు బలవంతుడు, నమ్మకస్తుడు అన్నది ఆమె చెప్పిన కారణం. కళ్ళారా చూసినదానికి ఇచ్చిన సాక్ష్యమే అది. కనుక మీకు ఏ పని వచ్చునో, ఎటువంటి ఉద్యోగం కావాలో బంధువులకు, పాత ఉపాధ్యాయులకు, తోటి విద్యార్థులకు, మస్జిదులో కలిసే పెద్దలకు స్పష్టంగా చెప్పండి. ఇందులో నామోషీ లేదు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) కూడా తన అర్హతలను రాజుకు స్వయంగా తెలిపి, ధనాగారాల బాధ్యతను కోరారు.

ఈ కాలంలో బలమంటే నైపుణ్యం. నమ్మకమంటే అమానతు. ఈ రెండవదానిని కొందరు మొదటి రోజునే అమ్ముకుంటున్నారు. చేయని ఉద్యోగానికి డబ్బిచ్చి అనుభవ పత్రాలు కొంటున్నారు. అబద్ధం మీద మొదలైన జీతాన్ని హలాల్ అని ఎలా చెప్పుకోగలం? పైగా చాలా సంస్థలు పాత యజమానులను విచారిస్తున్నాయి. పట్టుబడినవాడు ఉద్యోగంతోపాటు పేరూ పోగొట్టుకుంటాడు. రెజ్యూమేలో నాలుగే వాక్యాలున్నా అవి నిజమై ఉండాలి.

చివరి పాఠం ఒప్పందానికి సంబంధించినది. ఎనిమిదేళ్ళ సేవ తప్పనిసరి, పదేళ్ళు పూర్తి చేయడం మూసా ఇష్టం అని ఆ వృద్ధుడు ముందే తేల్చి చెప్పారు. తమ కుమార్తెలలో ఒకరినిచ్చి వివాహం చేస్తానన్నారు, కష్టపెట్టనని మాట ఇచ్చారు. అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారికి ఇది ఎంతో అవసరమైన పాఠం. పని, జీతం, గంటలు, వసతి కాగితం మీద లేకుండా బయలుదేరకండి. విజిట్ వీసా మీద వెళ్ళి పనిచేయడం చట్టవిరుద్ధం. ఏజెంటుకు భారత ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. 2017 నాటి నిబంధనల సవరణ ప్రకారం అటువంటి ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగేవాని చేతిలో తల్లి నగలు తాకట్టు పెట్టిన డబ్బు పోయకండి.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. పొరుగింటి అబ్బాయి జీతంతో పోల్చి మీ బిడ్డను దెప్పకండి. ఆ దెప్పిపొడుపులు భరించలేకనే చాలామంది పిల్లలు దొంగ పత్రాల వైపు, దళారుల వైపు అడుగు వేస్తారు. వాడు చిన్న పనికి వెళ్తున్నా గౌరవించండి. ఉపాధి ప్రదాత అల్లాహ్ మాత్రమే. నిజాయితీగా వెతికే మన పిల్లలందరికీ ఆయన హలాల్ ఉపాధి ద్వారాలు తెరుచుగాక! ఆమీన్.