కారు ఆపమన్నది మా అత్తమ్మ



ఇప్పుడు మా ఆర్మూరు చుట్టుపక్కల ఏ కళ్లం దగ్గరికి వెళ్లినా పసుపు ఉడికే వాసనే. తవ్వడం, కొమ్ములు వేరు గోళ వేరు చేయడం, ఉడకబెట్టడం, రెండు వారాలు ఎండబెట్టడం... ఈ రెండు నెలలు మా ఇళ్లల్లో ఆడవాళ్లకు చేతులే కాదు, దిండు గలీబులు కూడా పచ్చగానే ఉంటాయి. ఊరు కదలడం కుదరని రోజులివి. అందుకే పోయిన కార్తీకంలో మేము చేసిన ఒక్క రోజు ప్రయాణం ముచ్చట ఈ వారం మీతో చెప్పుకోవాలనిపించింది. వంటల పేజీకి ఈ వారం సెలవు. ఏమీ అనుకోరు కదూ!

మా అత్తమ్మకు డెబ్బై రెండేళ్లు. అరవై ఏళ్లుగా పసుపు పనిలోనే ఉంది. తిరుపతి, షిర్డీ, వేములవాడ, బాసర అన్నీ చూసింది. ఎలా చూసిందంటే, అందరూ కలిసి మాట్లాడుకున్న యాత్రా బస్సులో. ఆ బస్సుల సంగతి మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున మూడు గంటలకు లేపుతారు. దర్శనం అయ్యీ కాకముందే "ఎక్కాలె, ఎక్కాలె" అని హారన్ కొడతారు. దారిలో ఒంటికి వెళ్లాలంటే మగవాళ్లకైతే చెట్టు చాలు, మనం మాత్రం బంకు వచ్చేదాకా బిగబట్టుకోవాలి. ఆ భయానికి మనలో చాలామంది ప్రయాణమంటే పొద్దున్నుంచి నీళ్లు తాగడమే మానేస్తారు. నేనూ మానేసేదాన్నే.

మా అబ్బాయికి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వాడి గది ఎలా ఉందో చూసి, నాలుగు గిన్నెలు, ఒక పప్పుల డబ్బా సర్ది వద్దామని నేను, అత్తమ్మ, మా ఆడబిడ్డ బయలుదేరాం. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖ. మూడో రోజు ఒక కారు మాట్లాడుకుని, దారి చూపి చెప్పే మనిషిని కూడా పెట్టుకుని, విజయనగరం కోట, భీమిలి చూసి రావాలని నేను అనుకున్నాను. ఫోన్లో చెప్పగానే మా వారు, "సముద్రం సూడనీకి కారెందుకు? భీమిలికి సిటీ బస్సే పోతదట గదా. గైడు ఒకడా మళ్ల!" అన్నారు.

ఆయనదీ తప్పు కాదు. మన ఇళ్లల్లో పెళ్లికి, ఆస్పత్రికి తప్ప ఆడవాళ్ల కోసం కారు మాట్లాడడం అలవాటే లేదు. నేను మాత్రం, "ఈ పైసలు నా చిట్టీవి" అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది, ఇరవై నాలుగేళ్ల కాపురంలో ఆ మాట అనడం అదే మొదటిసారి!

బేరం సంగతి కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. మొదట ఫోన్ చేసిన చోట తక్కువ రేటు చెప్పారు. తీరా గుచ్చి గుచ్చి అడిగితే డ్రైవరు బత్తా వేరు, టోలు వేరు, పార్కింగు వేరు, సాయంత్రం ఆరు దాటితే గంటకింత వేరు! అన్నీ కలిపితే రెండో చోట చెప్పిన రేటే తక్కువ తేలింది. పన్నెండు గంటలకు అన్నీ కలిపి కారుకు నాలుగున్నర వేలు, గైడుకు పన్నెండు వందలు. చూడాల్సిన చోట్లన్నీ వరుసగా ఫోన్లో మెసేజీగా రాసి పంపమన్నాను. ఆ మెసేజీ తర్వాత అక్కరకొచ్చింది.

పొద్దున్న ఆరున్నరకు కదిలాం. విశాఖ నుంచి విజయనగరం అరవై కిలోమీటర్ల లోపే. గైడు విజయనగరంలోనే డిగ్రీ చదివిన కుర్రవాడు, మర్యాదస్తుడు. ముందుగా మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడికి తీసుకెళ్లాడు. ఆ తల్లి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమె విజయనగరం రాజు విజయరామరాజు చెల్లెలట. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం జరిగింది. గెలిచినా ఆ రాజును తాండ్ర పాపారాయుడు చంపేశాడు. అన్న పోయాడని తెలిసి చెల్లెలు ప్రాణం విడిచి అమ్మవారైందనీ, పెద్ద చెరువులో విగ్రహంగా దొరికిందనీ చెప్పుకుంటారు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం చేస్తారు. పొడవైన మాను చివర పూజారి కూర్చుంటే, గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగిస్తారు. అత్తమ్మ అంతా విని, "యుద్ధం మొగోళ్లు జేసిన్రు, పానం ఆడబిడ్డ ఇడిసింది. మన పోచమ్మ, మైసమ్మల కథలు గూడ గిట్లనే ఉంటయ్" అంది. గైడు బాబు నవ్వి ఊరుకున్నాడు.

అక్కడి నుంచి కోట. 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేశారని చెబుతారు. రాతిగోడలు, నాలుగు మూలలా బురుజులు, చుట్టూ కందకం. లోపల 1869లో కట్టిన మోతీమహల్ ఉంది, అది రాజుల దర్బారు. కోట అంటే సినిమాలో చూపించినట్టు సింహాసనాలు, ఏనుగులు ఉంటాయని వెళ్లకండి. పి.వి.జి. రాజుగారు 1958లో మాన్సాస్ అనే ట్రస్టు పెట్టారు. ఇప్పుడు కోటలోపల చదువుల సందడే. లోపలన్నీ తిరిగి చూడనివ్వరు, బయటి నుంచే చాలావరకు చూడాలి. నాకు మొదట కొంచెం నిరుత్సాహం కలిగింది. కానీ పుస్తకాలు గుండెలకు హత్తుకుని ఆడపిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఆ గోడల వెంట వెళ్తుంటే చూసి, ఏనుగుల కంటే ఇదే బాగుంది అనుకున్నాను. నేను ఇంటర్‌తో ఆగిపోయినదాన్ని. చదువుకునే పిల్లలను చూస్తే నాకు ఎప్పుడూ కళ్లు అక్కడే నిలుస్తాయి.

ఊరి మధ్య గంటస్తంభం, దానికి దగ్గర్లో బజారు. 1919లో పెట్టిన సంగీత కళాశాల కూడా ఈ ఊళ్లోనే ఉంది. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఘంటసాలగారు, పి. సుశీలగారు చదివింది అక్కడే అనేసరికి మా ఆడబిడ్డ గేటుకు దండం పెట్టి వచ్చింది.

ఆ తర్వాత గురజాడ అప్పారావుగారి ఇల్లు. సోదరీమణులారా, నేను మీకు అసలు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచే. కన్యాశుల్కం పేరు మనందరం బళ్లో విన్నదే. 1892లో నాటకం ఆడారు, 1897లో పుస్తకం అచ్చయింది. ఆ పుస్తకం ముందుమాటలో గురజాడవారు ఒక లెక్క రాశారు. ఆనంద గజపతి మహారాజుగారు విశాఖపట్నం జిల్లాలో డబ్బు తీసుకుని చేసిన బ్రాహ్మణ కుటుంబాల పెళ్లిళ్ల జాబితా రాయించారట. మూడేళ్లకు లెక్కకు వచ్చినవే 1034. అందులో 99 మంది ఆడపిల్లలకు పెళ్లినాటికి ఐదేళ్లు. ఏడాది పిల్లలు కూడా ఉన్నారు!

గైడు ఈ లెక్క చెబుతుంటే నేను "అయ్యో" అన్నాను. అత్తమ్మ ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని మోకాళ్లు నిమురుకుంటూ ఉంది. కాసేపటికి, "నన్ను పన్నెండేండ్లకు ఇచ్చిన్రు. లగ్గం నాడు నాకు నిద్రొస్తే మా మేనత్త చెంపల మీద నీళ్లు జల్లి లేపింది. లగ్గమైన మూడోనాడు కళ్లంల కూసున్న. ఇగ లేసిందే లేదు" అంది.

ఇరవై నాలుగేళ్లలో ఆమె నాకు ఈ మాట చెప్పలేదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆమె గట్టిగా మాట్లాడితే పెత్తనమనుకున్నాను, మాట్లాడకపోతే అలకనుకున్నాను. అలిగే వయసు రాకముందే ఆ ఇంటికి వచ్చిన మనిషి అని నాకు తోచనే లేదు. మీ అత్తగారిని, మీ అమ్మను మీరెప్పుడైనా అడిగారా, పెళ్లినాటికి నీకెన్నేళ్లని?

భోజనాలయ్యాక డ్రైవరు తొందరపెట్టాడు. దారిలో తనకు తెలిసిన జీడిపప్పుల దుకాణం ఉందని, ముందు అక్కడికి వెళ్దామని, పద్మనాభం వదిలేద్దామని అన్నాడు. నేను మెసేజీ చూపించేలోపే అత్తమ్మ, "మేం బేరానికి రాలే బిడ్డా, సూడనీకి వచ్చినం" అంది. అంతే, కారు పద్మనాభం దారి పట్టింది. బొబ్బిలి యుద్ధం సినిమా వల్ల మనకు ఆ ఒక్క యుద్ధమే తెలుసు. పద్మనాభం దగ్గర 1794 జూలై 10న మరో యుద్ధం జరిగింది. కంపెనీవాళ్లు అడిగిన కప్పం దగ్గర పేచీ వచ్చి, చిన విజయరామరాజు తన మనుషులతో సహా ఆ రోజు ప్రాణాలు వదిలాడు. కొండ మీద పద్మనాభస్వామి గుడి ఉంది గానీ, మెట్లు వెయ్యికి పైమాటే. కింద నుంచే దండం పెట్టుకున్నాం.

భీమిలి చేరేసరికి మూడు దాటింది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అది. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలోనే వచ్చి బట్టల వ్యాపారం చేశారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చివాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, కొన్ని గోపురాల్లాగా నిటారుగా ఉంటాయి. ఎక్కడి దేశం, ఎక్కడి మట్టి!

గైడు లైట్‌హౌసు వైపు చూపిస్తున్నాడు. అప్పుడు వెనక సీట్లోంచి అత్తమ్మ, "ఆపుమను" అంది. "ఏమైందత్తమ్మా?" అని కంగారు పడ్డాను. "ఏం గాలే. ఆపుమను. ఇక్కడ దిగుత" అంది.

అక్కడ చూడదగ్గ స్థలం అంటూ ఏమీ లేదు. ఒడ్డున చేపలు ఆరబెట్టి ఉన్నాయి. ఇద్దరు ముసలమ్మలు వాటిని తిరగేస్తున్నారు. అత్తమ్మ తిన్నగా వాళ్ల దగ్గరికి నడిచింది. "ఎన్ని దినాలెండాలె? మబ్బు పడితె ఎట్ల జేస్తరు? ఎవరు కొంటరు?" అన్నీ అడిగింది. వాళ్ల భాష ఆమెకు సగం, ఆమె భాష వాళ్లకు సగం. అయినా పని ఒకటే కదా, ముచ్చట సాగింది. "ఎండలో మా బతుకు పసుపు, మీ బతుకు చేప" అని ముగ్గురూ నవ్వుకున్నారు.

ఆ తర్వాత నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నిలబడింది. అల వచ్చి పాదాల కింద ఇసుక లాగుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ల సందుల్లో ఏనాటి నుంచో ఉన్న పసుపు. అది సముద్రానికి పోతుందా! "గింత పెద్దగుంటదని ఎవ్వలు జెప్పలే" అంది, అంతే. గంటన్నర అక్కడే కూర్చున్నాం. డ్రైవరు రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు.

ఆ గంటన్నర వల్ల తొట్లకొండ బౌద్ధుల చోటు చూడలేకపోయాం. తిరుగుదారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా కారు దిగకుండానే చూశాం. "మన చెల్క లెక్కనే ఉన్నది" అని అత్తమ్మ నిద్రలోకి జారుకుంది. మెసేజీలో రాసిన వాటిలో రెండు పోయాయి. నాకు దిగులు లేదు. డెబ్బై రెండేళ్ల మనిషి తన కోసం ఒక బండిని ఆపించడం నేను కళ్లారా చూశాను.

ఇక మీకు పనికొచ్చే మాటలు. ముగ్గురు నలుగురు కలిస్తే కారు ఖర్చు మరీ బరువు కాదు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు బస్సే మేలు. టోలు, బత్తా, పార్కింగు, గంటలు అన్నీ ముందే మాట్లాడి రాతలో తీసుకోండి. బండి నంబరు, డ్రైవరు ఫోను ఇంట్లో వాళ్లకు పంపండి. మధ్యలో దుకాణాలు వద్దని ముందే చెప్పండి. రోజుకు నాలుగు చోట్లకు మించి పెట్టుకోకండి. పెద్దవాళ్లుంటే మెట్లెన్ని, బాత్రూము ఎక్కడ అని ముందే అడగండి, ఇందులో సిగ్గు లేదు. నీళ్లు తాగడం మానకండి. మా సర్వపిండి, పెరుగన్నం మధ్యాహ్నం దాకా బాగానే ఉన్నాయి. కొబ్బరి పచ్చడి మాత్రం పెట్టుకోకండి, పులుస్తుంది. సిరిమాను రోజుల్లో ఊరంతా జనమే, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ రోజులు తప్పించండి. సముద్రంలో పాదాలు తడిసే వరకే చాలు, లోపలికి వెళ్లకండి. అలలు లాగేస్తాయి.

మొన్న కళ్లంలో పసుపు తిరగేస్తూ అత్తమ్మ, "వచ్చే కార్తీకానికి ఏడికి?" అని అడిగింది. మా వారు అక్కడే ఉన్నారు. బస్సు మాట ఎత్తలేదు. "నీ ఇష్టం అవ్వా, ఏడికంటె గాడికి" అన్నారు.

కొత్త చిట్టీ ఈ నెల నుంచే మొదలుపెట్టాను.

మీ ఇంట్లో అరవై దాటిన వాళ్లుంటే ఈ రాత్రి అన్నాలప్పుడు ఒక్క మాట అడగండి, ఎక్కడికి వెళ్లాలని ఉందని. ఏం చెప్పారో నాకు ఉత్తరం రాస్తారు కదూ? వచ్చే వారం పచ్చి పసుపు పచ్చడితో కలుసుకుందాం.